గుడ్లగూబ తల నేనే తీశాను

నా పేరు కోరాడ అప్పలనరసమ్మ. భర్త కీర్తిశేషులు బంగారయ్య. వయసు యాభై ఎనిమిది. యాంగోన్, అహ్లోన్‌లో కాపురం. చిమిండైంగ్ బజారులో పదహారేళ్లుగా వడలు వేసి అమ్ముతున్నాను. బర్మా మాట నాకు వచ్చు. కానీ ఇది కొడుకు సంగతి, నా మాటలోనే చెబుతాను. దుబాసీ రాజమోహన్‌గారు పోలీసువారికి, మీకు, బర్మా మాటలో చెబుతారు.

నా కొడుకు సూరి బేస్‌బాల్ మైదానంలో గుడ్లగూబ వేషం వేస్తాడు. చిన్న జట్టు, ఆదివారాలే ఆట. బర్మావాళ్లకి గుడ్లగూబ అదృష్టం. మాకు అది ఇంటిమీద వాలితే చాలు, కీడు.

శనివారం సాయంత్రం ఆరింటికి సూరి ఆ వేషంలోని గూబ తలని ఇంటికి తెచ్చాడు. చెవి చిరిగింది, కుట్టాలన్నాడు. కోడలు మల్లికకి తొమ్మిదో నెల. ఆదివారం పొద్దున్న ఐదున్నరకి, వాడు లేవకముందే, తలని సంచిలో వేసుకెళ్లి పొరుగింటి బర్మా ఆవిడ డో మ్యాకి ఇచ్చాను. కాన్పయ్యాక తీసుకుంటానన్నాను. ఇది దొంగతనం కాదు.

సూరి లేచి, “గూబ తలకాయ ఏటయిందే అమ్మా?” అన్నాడు. “నాకేటి తెలుసు” అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, తినకుండా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం రెండుకి పావు తక్కువకి కారియరు పట్టుకుని మైదానానికి వెళ్లాను. అదే మొదటిసారి వెళ్లడం. గేటు దగ్గర పిల్లలు వరస కట్టి ఉన్నారు. గూబ ముక్కు ముట్టుకుని గానీ లోపలికి వెళ్లరట. ఆ రోజు ముట్టుకోడానికి ముక్కు లేదు. బంతి జనంలో పడితే గూబే రెక్కలు చాపి అడిగి తేవాలి, జట్టు దగ్గర బంతులు తక్కువ. సూరి తల లేకుండా రెక్కలు చాపాడు. జనం నవ్వారు. బంతి ఇవ్వలేదు. వాడూ నవ్వుతూనే నిలబడ్డాడు. నేను చూశాను. కారియరు ఒళ్లో పెట్టుకుని చూశాను.

తలని అవతలి జట్టుకి అమ్మేశాడని మేనేజరు ఫిర్యాదు పెట్టాడు. సోమవారం తొమ్మిదింటికి మీరు వాణ్ణి స్టేషన్‌కి తీసుకొచ్చారు. బస్సులో మరిచిపోయానని వాడు మీకు రాసిచ్చాడు. అది అబద్ధం. నన్ను కాయడానికే అలా రాశాడు. వాడు ఏ వస్తువూ ఎక్కడా మరిచిపోయే మనిషి కాదు.

నిన్న మంగళవారం ఉదయం మల్లికకి ఆడపిల్ల పుట్టింది. వాడింకా చూడలేదు. కబురు తెలిసి డో మ్యా వచ్చింది. తల తీసుకుపొమ్మంది. ఈ మూడు రోజులూ దాని ముందు పూలు పెట్టిందట. మా ఇంటికి వచ్చిన కీడు గూబ తెచ్చింది కాదయ్యా, నేను తెచ్చింది.

తల మీ బల్లమీద ఉంది. చెవి చూడండి, నిన్న రాత్రి వేసిన కుట్టు నాది. కేసు నామీద రాసుకోండి. వాణ్ణి ఈ పూటే వదలండి. తల మాత్రం ఆదివారం రెండు గంటల లోపు ఇప్పించండి, పిల్లలు గేటు దగ్గర నిలబడి ఉంటారు.

రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. ఇది నిజం. చెవి కుట్టేటప్పుడు బొటనవేలికి సూది గుచ్చుకుంది. ముద్ర సరిగా పడకపోతే మళ్లీ వేస్తాను.

కోరాడ అప్పలనరసమ్మ, ఎడమ చేతి వేలిముద్ర