అల్లం నూనె గిన్నె

“పిల్లా, నా కొడుకు కాలు మళ్ల వాస్తే ఎట్లనే?”

అది ఎనభై నాలుగో సంవత్సరం. జహీరాబాద్‌లో దవాఖాన వరండా మీద కూర్చుని అత్త కోడలిని అడిగింది.

“ఫికర్ చెయ్యకు అత్తమ్మా. సూదిమందుకు వాపు దిగింది గద.”

“గాయమైతే నెత్తురును ఆపే ప్రొటీన్లు ఉంటయంట. వానికున్న క్యాన్సర్ వాటిని ఉత్తగనే రేపి, కాలి నరంల నెత్తురు గడ్డకట్టించిందంట. రుద్దితే ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోయి పానం తీస్తుండెనని డాక్టర్ అన్నడు.”

“నేనూ విన్న.”

“నేనేమో అల్లం నూనె కాగబెట్టి రుద్దవోయిన. గిన్నె గుంజుకున్నవని నాల్గు దినాలు నీతోని మాట్లాడలే. నీ చేతులకు దండం పెడ్త బిడ్డా. ఇదంత నీకు ముందే ఎరుకనా?”



“లేదత్తమ్మా. నువ్వు చెయ్యేస్తనే ఆయన మొత్తుకున్నడు. నేను ఓర్వలేకపోయిన.”