దాసు గిటారుకు వైరు లేదు

విశాఖపట్నం బస్సు పదకొండింటికి. ఇంకా యాభై నిమిషాలుంది. చోడవరం ఆర్టీసీ కాంప్లెక్సు ఎదురుగా, సన్యాసమ్మ టీ బడ్డీ ముందున్న బల్ల మీద ముస్తకీమ్ ఒక కాగితం పట్టుకుని కూర్చున్నాడు. విశాఖపట్నంలో వాద్యాల షాపువాడు గిటారు వాయించేవాళ్లు నడుముకి తగిలించుకునే వైర్‌లెస్ సెట్ల వివరాలు దాని మీద రాసిచ్చాడు. ఒక ఏరియల్‌ది ముప్ఫై మీటర్లు పనిచేస్తుంది. రెండు ఏరియళ్లది వంద మీటర్లు. తమ ఆర్కెస్ట్రా పోగుచేసిన డబ్బుకి మొదటి రకమైతే రెండొస్తాయి, రెండో రకమైతే ఒక్కటే.

రెండొస్తే ఒకటి దాసు ఎలక్ట్రిక్ గిటారుకి, ఒకటి ముస్తకీమ్ డొల్ల కర్ర గిటారుకి. ఒక్కటే వస్తే అది ఎవరి నడుముకి చేరుతుందో చెప్పక్కర్లేదు. దాసు పదిహేనేళ్లుగా వాయిస్తున్నవాడు. ముస్తకీమ్ చేరి రెండేళ్లు.

ఎల్లుండి గోవాడలో, పంచదార ఫ్యాక్టరీ దగ్గర ప్రోగ్రాం. చెరకు ఆడే రోజులు కాబట్టి స్టేజీ పక్కనే రోడ్డు పొడుగునా నలభై బండ్లు వరసలో ఉంటాయి. వరసలోంచి కదిలితే వంతు పోతుంది. అంచేత పాట ఎంత బాగున్నా బండివాడు ఎద్దుల దగ్గరే ఉండాలి. ఆ బండ్ల దగ్గరికే వెళ్లి వాయించాలని ముస్తకీమ్ కోరిక. కిందటేడు అక్క మిస్బా నిఖా వచ్చి ప్రోగ్రాంకి రాలేకపోయాడు. ఆ రోజు దాసు ఒక ఏరియల్ వైర్‌లెస్ వాడాడని మాత్రం విన్నాడు.

"దాసన్నా, ఒంటి ఏరియల్‌ది ఎంతదూరం పనిచేసింది?" అని పక్కనే టీ తాగుతున్న దాసుని అడిగాడు.

దాసు టీ గ్లాసు కింద పెట్టాడు. కథ మొదలవుతోందని పోల్చుకుని, దేవరాపల్లి చెరకు రైతు బంగార్రాజు తన బస్సు వచ్చినా లేవలేదు. బడ్డీ పక్కన మైక్ సెట్టు నడిపే రాజ్యం తెగిన వైరుకి టేపు చుట్టుకుంటోంది. ఆవిడ మాత్రం తలెత్తలేదు.

"పెద్ద గొప్పేం కాదురా," అన్నాడు దాసు. "పట్నంలో మా ఫ్రెండొకడు ఒక్కరోజుకి ఇచ్చేడు. సబ్బుబిళ్లంత డబ్బీ. నడుముకి తగిలించేను, స్టేజీ దిగేను, మొదటి బండి దగ్గిర నిలబడి వాయించేను. మైకు బాకాలు ఖంగుమన్నాయి. అంతే."

"అంతేనా?"

"అంతే అనుకున్నాను నేనూ! తీరా రెండో బండోడు రమ్మన్నాడు, ఎల్లేను. మూడోవోడు రమ్మన్నాడు, ఎల్లేను. అలా మీటుకుంటా పోతంటే సూసుకుందును గదా, నలభయ్యో బండి!"

ముస్తకీమ్ మనసులో లెక్క కట్టాడు. స్టేజీ నుంచి మొదటి బండికి పన్నెండు మీటర్లు. ఎద్దులతో కలిపి బండికి ఎనిమిది. నలభయ్యో బండంటే మూడువందల ఇరవై నాలుగు! ముప్ఫై అని రాసిన సెట్టు పది రెట్లు పైన లాగిందా? షాపువాళ్లు భయపడి తక్కువ రాస్తారు కాబోలు.

"ఆ తర్వాత ఏటైందో తెల్సా? ఎనకాలే చోడవరం బస్సు. ఎక్కేసేను. కండక్టరు నాకో టిక్కెట్టు, గిటారుకి అర టిక్కెట్టు కొట్టేడు. నాలుగో పాట ఆ సీట్లోనే వాయించేను. బస్సు గోతిలో పడ్డప్పుడల్లా అక్కడ గోవాడలో తబలావోడు తాళం తప్పేడు. పాపం, ఆడి తప్పు కాదు."

"మరి బస్సు చోడవరంలో ఆగిపోద్ది గదా బాబూ?" అన్నాడు బంగార్రాజు.

"బస్సు ఆగింది గానీ పాట ఆగుతాదేటి? మాడుగుల బస్సు మారేను."

మాడుగుల దగ్గర ముస్తకీమ్ లెక్క మానేశాడు. నోరు తెరుచుకుని వినడమొక్కటే మిగిలింది.

"మాడుగుల ఎల్లి హల్వా తినకుండా వస్తామా? ఎడం చెయ్యి తీగల మీద, కుడి చెయ్యి హల్వాలో. నెయ్యి తీగలకి అంటుకుందిరా! స్వరం అలా జారతంది, పట్టుకుంటే ఆగడంలేదు. గోవాడలో జనం అరిచేతులు వాసన సూసుకున్నారంట."

"జీడిపప్పు తగల్లేదా?" అంది సన్యాసమ్మ, టీ వడగడుతూ.

"తగిలింది! ఒక పలుకు తీగ కింద ఇరుక్కుని అపస్వరం వచ్చింది. నిజం దాచడమెందుకు?"

ఆ ఒప్పుకోలుతో ముస్తకీమ్‌కి ఉన్న కాస్త అనుమానమూ పోయింది. అబద్ధమాడేవాడు తన అపస్వరం తానే చెప్పుకుంటాడా?

"బేటరీ అవ్వలేదా దాసన్నా?"

"మాడుగులలోనే అయిపోయింది. పాట ఊపందుకున్నాక బేటరీతో పనేటి? దిగువలో సైకిలు తొక్కుతామేటి? ఆ ఊపులోనే రైవాడ రిజర్వాయరు గట్టెక్కేను. ఒక్క మీటు మీటితే నీళ్లు లేచి నిలబడ్డాయి. పాట అవతలొడ్డుకి పోయి, గుండెలు పగిలే జోరుతో తిరిగొచ్చింది. చేపలు తోకల మీద నిలబడ్డాయిరా, తోకల మీద! నాకే బయిమేసి, గిటారు బుజానేసుకుని బస్సెక్కి గోవాడ వచ్చేసేను. ఆ తర్వాత ఏటైందో తెల్సా?"

కాంప్లెక్సులో ఏ బస్సో హారన్ కొడితే సన్యాసమ్మ అటు కోపంగా చూసింది.

"నేను గోవాడలో దిగేసరికి, రైవాడలో వాయించిన పాట అప్పుడే అక్కడికి చేరతంది! అంత దూరం, దానికీ టైము పడతాది గదా. నేను ముందు వరసలో కుర్చీ లాక్కుని, నా పాట నేనే కూర్చుని విన్నాను. అయిపోయేక లేచి చప్పట్లు కొట్టేను. ఎవడోగానీ బాగా వాయించేడురా అనుకున్నాను."

ముస్తకీమ్ కళ్లు చెమర్చాయి. జేబులోంచి పెన్ను తీసి కాగితం మీద రాశాడు: 'ఒక ఏరియల్‌ది. రెండు సెట్లు.'

"ఆ ముక్క కొట్టెయ్ బాబూ," అంది రాజ్యం.

అందరూ అటు తిరిగారు. ఆవిడ టేపు పంటితో తెంపింది.

"డబ్బీ తెచ్చేడు, నిజమే. రెండో బండి దాటేసరికి బాకాల్లో బుస్సుమని పాము రొద. మూడో బండికి మూగదైపోనాది. ఇరవై మీటర్ల వైర్లు మూడు కలిపి నేనే తగిలించేను. ఆ చుట్ట బుజానేసుకుని, ఒరే దాసూ, నీ ఎనకాల వైరొదులుకుంటా నడిసిందెవరు? నేను కాదా? రైవాడ ఎల్లినట్టు నాకు జ్ఞాపకం లేదే!"

దాసు ఖాళీ గ్లాసులోకి చూశాడు.

"ఏడో బండి దగ్గిర వైరు బిగుసుకుపోనాది," అంది రాజ్యం.

"అవునమ్మా," అన్నాడు బంగార్రాజు నెమ్మదిగా. "నాది ఎనిమిదో బండి."

బడ్డీ దగ్గర నవ్వు మొదలవబోయి ఆగిపోయింది.

"పాటకేటి, బాకాలోంచి వినబడతానే ఉంది. వాయించే మనిషిని దగ్గిర్నుంచి సూద్దామని బండి మీద లేచి నిలబడ్డాను. నేను ఎద్దుల్నొదిలి రాలేను, ఈ బాబు వైరొదిలి రాలేడు. అక్కడే నిలబడి, నావైపే తిరిగి పాటంతా వాయించేడు. రైవాడ సంగతి నాకు తెల్దుగానీ, అదైతే సూసేను."

ముస్తకీమ్ దాసుకేసి చూశాడు. ఇందాక చేపలు తోకల మీద నిలబడ్డప్పుడు కూడా అతన్ని ఇంత ఆశ్చర్యంగా చూడలేదు.

"ముప్ఫై మీటర్లంటే ఎన్నో బండిరా?" అన్నాడు దాసు, తలెత్తకుండానే.

"మూడో బండి అన్నా. రాజ్యమక్క వైరు కన్నా తక్కువ."

"వందంటే?"

"పన్నెండో బండి."

ముస్తకీమ్ కాగితం మీది మాట కొట్టేశాడు. ఆ తర్వాత 'రెండు ఏరియళ్లది. ఒకటి' అని రాశాడు. రాసిన చోటే తన కర్ర గిటారు స్టేజీ మీద వైరుకి కట్టుబడి ఉండిపోవడం కనిపించింది.

బస్సు వచ్చి ఆగింది. అతను మెట్టు మీద కాలు పెట్టగానే దాసు వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే, నా ఎలక్ట్రిక్కుకీ నీ కర్రదానికీ గొంతులో హెచ్చుతగ్గులుంటాయి. అది సర్దే మర డబ్బీలో ఉందో లేదో సూసి మరీ తే. ఎల్లుండి ఆ డబ్బీ నీ నడుముకే."

"నాకా? మరి నువ్వన్నా?"

"నాది బండోడి పక్కకెళ్లి మీటితే వొట్టి చెక్కరా. గొంతంతా బాకాలోనే ఉంటాది. నీది డొల్ల, ఆడి చెవి దగ్గిరే పలుకుతాది. ఎనిమిదో బండి దగ్గిర రెండు పాటలు ఎక్కువ వాయించు."

బస్సు కదిలింది. బల్ల మీంచి బంగార్రాజు కేకేశాడు:

"ఈ ఏడు నా బండి పదమూడో వంతుకి పడితేనో?"

దాసు వెనక్కి తిరిగాడు. చొక్కా సర్దుకున్నాడు. గొంతు మళ్లీ పైకి లేచింది.

"పదమూడు నుంచి నలభై దాకా నాకొదిలెయ్యండి. నా నోటికి వైరుందేటి, బిగుసుకుపోడానికి?"