అమ్మ అతికిన పోగులు

గద్వాల నేతగాళ్ల వీధి. మతిమరుపు ముదిరి మాటే మానేసిన తల్లి, దుప్పటి అంచు దారాలను వేళ్లతో నలుపుతోంది. తత్త్వశాస్త్రం చదివి చదివి కళ్లద్దాలు మందమైన కొడుకు, ఆమె చేతులు కట్టడానికి మెత్తని గుడ్డ తెచ్చాడు. మంచం పక్కన చెల్లెలు కూర్చుని ఉంది.

“దారాలు పీకి పీకి వేళ్లు పుండ్లయితున్నయి చెల్లే. తానెవరో తెల్వనామెకు కట్టేస్తే ఏం తెలుస్తది?”

“పీకుతలేదన్నా, జర వంగి చూడు. మగ్గం మీద పాత పోగుకు కొత్త పోగు అతికినట్ల మెలిపెడుతున్నది.”

“అది అలవాటు. ఎరుక గాదు.”

“గట్లనా? నువ్వొకటి అతికియ్యి మరి.”

అతను రెండు దారాలు అతికి ఆమె వేళ్ల మధ్య పెట్టాడు. ఆమె తడిమి చూసి, విప్పేసి, తానే మళ్లీ అతికింది.

“చూసినవా?”

“చూసిన. నా పేరు మర్చిపోయింది గాని, నాకు పని రాదన్నది మర్చిపోలే.”

“మరి చేతులు కడుదామా?”

“నాయి కట్టు. గుడ్డ మిగిల్తే నోటికి గూడ.”