బొటనవేలి మీద వంతెన

దానమ్మ టీ కొట్టులో అంతోని ఆ సాయంత్రం గొంతు కాస్త పెంచాడు. బల్ల చివర భావనారాయణ మేస్త్రీ కూర్చుని ఉన్నాడు మరి. ఉయ్యూరు దారిలో కాలవ మీదున్న పాత ఇనప వంతెన అతుకుల్ని పట్టి ఉంచే రివెట్లు వదులయ్యాయేమో అన్నీ సుత్తితో కొట్టి చూసే పని రేపే మొదలు, మేస్త్రీకి ఇంకో మనిషి కావాలి. ఎండలో వంతెనలకి రంగులు పూసి పూసి విసుగెత్తిన అంతోనికి ఆ సుత్తి మీద మనసు పడింది.

"ఇనుముకీ అలుపొస్తుందండీ," అని మొదలెట్టాడు. "ఏళ్ళ తరబడి చెరుకు లారీలు మోస్తే రాదా మరి? ఆ అలుపు ముందు అతుకుల దగ్గరే బయటపడుద్ది. మొన్న రంగేస్తా ఊరికే ఓ రివెట్టు మీద కొట్టా, వదులైందని చప్పుడే చెప్పింది."

"నీకు సుత్తెక్కడిది?" అంది దానమ్మ.

"బ్రష్షు పిడి చాలదా అక్కా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెవి అలవాటు పడిపోయి, కొట్టకుండానే వినబడ్డం మొదలెట్టింది. కంకిపాడులో మా ఇంట్లో అన్నం తింటన్నా, ఇక్కడ అతుకులో ఇనుము కిర్రుమంది. చెయ్యి కూడా కడక్కుండా పరిగెత్తుకొచ్చా."

"బస్సెక్కలేదా?" అన్నాడు లారీ డ్రైవరు జక్కయ్య.

"బస్సు నా వెనకాలొస్తంది. నేనొచ్చేసరికి రివెట్టు ఊడి కాలవలో పడింది, ఎదురుగా నిండా చెరుకుతో లారీ. ఏం చెయ్యను, ఆ బెజ్జంలో బొటనవేలు దూర్చా. వంతెన మొత్తం నా వేలి మీద ఆగిందండీ. లారీలు దాటినై, ఎడ్లబళ్ళు దాటినై, కూచిపూడి వెళ్ళే పెళ్ళివారు మేళంతో సహా దాటి, పోతా పోతా నా నోట్లో లడ్డూ పెట్టారు. బెజవాడ నించి కొత్త రివెట్టు వచ్చిందాకా కదిలితే ఒట్టు."

అందరూ నవ్వారు. మేస్త్రీ మాత్రం నవ్వకుండా తల ఊపాడు. ఇక పని ఖాయమనుకున్నాడు అంతోని.

"అంతా బానే ఉందిగానీ," అన్నాడు మేస్త్రీ గ్లాసు కింద పెట్టి, "మొదట ఆ రివెట్టు మీద కొట్టావే, అప్పుడు నీ రెండో చెయ్యి ఎక్కడుంది?"

ఇదేం ప్రశ్నో అంతోనికి అర్థం కాలేదు. "జేబులోనండీ."

"వదులైందో లేదో తేల్చేది ఆ చెయ్యేనయ్యా. ఇటు కొడుతూ, అటు రివెట్టు తల మీద వేలు ఆనించి అదురు చూడాలి. ఊరందర్నీ మోసిన వేలు, పెట్టాల్సిన చోట మాత్రం పెట్టలా నువ్వు."

ఈసారి నవ్వు రోడ్డు దాకా వినిపించింది. అంతోనికి సిగ్గుకన్నా దిగులే ఎక్కువైంది. "అయితే రేపు కూడా రంగేనాండీ?" అన్నాడు నెమ్మదిగా.

మేస్త్రీ లేచి కండువా దులుపుకున్నాడు. "పొద్దున్నే వంతెన దగ్గరికి రా, వేలు ఎక్కడ పెట్టాలో నేర్పుతా. నోరు మాత్రం దానమ్మ దగ్గర పెట్టేసి రా."

"నా కొట్లో అంత చోటు లేదండీ," అంది దానమ్మ.