కప్పు దిక్కు చూసేటోడు

గా పైకప్పు దిక్కు చూసుడు జర బంద్ పెట్టయ్యా. మన రేకులు యాడికి పోవు. నా మొఖం చూసి మాట్లాడు. ముందుగాల నేను చెప్పేది ఇను.

ఇన్నేండ్ల సంది భూపాలపల్లి బొగ్గు బాయిల సపోర్ట్ పెట్టుడే నీ పని. బొగ్గు తీసినకాడ కప్పు కూలకుంట కట్టె దిమ్మెలు నిలబెడ్తవ్. మంచిదే. పెండ్లికి పోయినా, దవాఖానకు పోయినా ముందుగాల మీదికే చూస్తవ్. అలవాటు పాపం అని నవ్వుకునేదాన్ని.

నిన్న కమ్యూనిటీ హాల్ల గూడ గదే చేస్తివి. ఈసారి మున్సిపల్ ఎలక్షన్ల మన వార్డు ఆడోళ్లకచ్చింది. "పూజ నిలబడ్తనంటుంది, ఐలేశ్, నీ సపోర్ట్ ఉన్నదా?" అని మన వార్డు పెద్దమనిషి పోశాలు పెద్దనాయిన అందరి ముంగట అడిగిండు. నువ్వేం జేసినవ్? ఎత్తిన మెడ దించితే ఒట్టు.

మొగనికే ఇష్టం లేనట్టుందని పక్క గల్లీ రాజీ పేరు ఖాయం చేసిండ్రు. ఇంటికచ్చినంక ఏమంటివి? ఆ హాల్ స్లాబుకు పగులున్నదట. ఆ పగులు కిందనే నా ఆశ కూలింది గదయ్యా.

సపోర్ట్ అంటే దిమ్మెనే అనుకున్నవా? నోట్లెకెళ్లి ఒక్క 'ఊ' అంటే అయిపోతుండె. భుజం మీద మోసేదేం లేకుండె.

అవు, నామినేషన్ ఏసిన. ఇయ్యాల్నే. రాజీ మీద కోపంతోటి గాదు. మన గల్లీల మురికినీళ్ల మోరీ కోసం ఎందరి కాళ్లు మొక్కిన్నో నీకెరికె. ఇగ నాతోటి గాదు.

నన్ను బలపరిచి ఏలిముద్ర ఏసింది ఎవరనుకుంటున్నవ్? మీ అవ్వ. చాయ్‌ల చక్కెర తక్కువైతే పొద్దుందాక అలిగే మా అత్త సోమక్క. నాతోటి ఆటోల అచ్చింది. "వాడు మీదికే చూస్తడు, నువ్వు ముంగటికి చూడు బిడ్డా" అన్నది.

నవ్వుతున్నవా? నవ్వు.

గని ఒకటి చెప్త, ఎవలకు చెప్పకు. నువ్వు షిఫ్టుకు దిగినంక నేను గూడ గీ రేకుల దిక్కే చూసుకుంట కూసుంట. నీ మీద కప్పు గట్టిగుండాలె అని మొక్కుత. నీ బండి సప్పుడు ఇనవడేదాంక నా పానం నా కాడుండదు.

నామినేషన్ సంగతి తెలిస్తే రేపు పెద్దనాయిన మళ్ల పిలుస్తడు. ఇద్దరం పోదాం. గదే మాట అడుగుతడు. ఆ పగులు సంగతి నేను చూస్త తియ్యి. నువ్వు నా దిక్కు చూసి చెప్పు.