మనిషితో సహా

మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాట్. కొనడానికొచ్చిన మొగుడూ పెళ్లాలకి ఇల్లు చూపిస్తోంది ఇంటావిడ. నర్సుగా చేసి రిటైరైన మనిషి. బాల్కనీలో వాలుకుర్చీలో ఒక పెద్దాయన వీధివైపు తిరిగి కూర్చునున్నాడు.

“...వంటగదీ నచ్చింది పిన్నిగారూ. ఆ బాల్కనీ ఒక్కటీ చూసేస్తే—”

“చూడమ్మా, చూడు. పక్కనించి చూడు. ఆయన లేవరు.”

“అయ్యో, లేపకండి. కూర్చోనివ్వండి.”

“కూర్చోనిస్తావు కదా? మాట మీద ఉండాలి మరి.”

“అంటే?”

“ఇల్లు అమ్ముతున్నాను. ఆయన్ని తీసుకెళ్లడం లేదు.”

“అమ్మా, ఒక్క నిమిషం. ప్రకటనలో ‘ఉన్నవాటితో సహా’ అని రాశారు...”

“రాశాను బాబూ. ఇంకెలా రాయాలో తెలీలేదు.”

“అంటే, మేం కొన్నాక కూడా ఆయన ఇక్కడే ఉంటారా?”

“బయల్దేరమని నోరు నొప్పెట్టేలా చెప్పాను. ఇవాళ, రేపు అంటారు. అక్కణ్ణించి స్టేషను కనిపిస్తుంది కదా, రైళ్లు చూస్తూ కూర్చుంటారు.”

“పద. వెళ్దాం పద.”

“ఎక్కడికండీ? చెప్పులేసుకుంటున్నారేం? ఇంతవరకూ చూసినవన్నీ మర్చిపోయారా? ఒకదానికి కిటికీ లేదు. ఒకదానికి కిటికీ ఉంది, తీస్తే అవతల గోడ. మొన్నటిదైతే మన స్నానాలగదిలోంచి పక్కవాళ్ల వంటింట్లోకి దారి.”

“అయితే? మనిషితో సహా కొంటామా?”

“మెల్లగా! వింటారు.”

“వినరమ్మా. అక్కడ కూర్చున్నంతసేపూ రైలు కూత తప్ప ఆయన చెవికి ఇంకేదీ ఆనదు.”

“అసలు మీరెందుకు వెళ్లిపోతున్నారమ్మా? ఊరు ప్రశాంతంగా ఉందిగా.”

“మరీ ప్రశాంతం బాబూ. చీమ తుమ్మితే వినపడుతుంది. మా చెల్లెలు టైలరింగు షాపు పైన ఉంటోంది, పొద్దస్తమానం మిషన్ల మోత. దానికి మోకాలి ఆపరేషనైంది, మంచినీళ్లిచ్చే దిక్కు లేదు. నేను వెళ్లక తప్పదు. నీకెన్నో నెలమ్మా?”

“ఏడు. ఇప్పుడున్న ఇంటాయన పసిపిల్లలుంటే కుదరదన్నాడు. ఈయనేమో ఆఫీసుకి బస్సు, మళ్లీ బస్సు, ఆపైన నడక. ఇక్కణ్ణించైతే ఒక్క రైలు చాలు. నేను ఈ వారం అడిగినదానికి పైవారం జవాబు చెప్తున్నారు.”

“ఎప్పుడలా చేశాను?”

“చూశారా? ఇది పోయిన వారం నేనడిగినదానికి జవాబు.”

“సరే, సరే. ఆ విషయం వేరు—”

“ఏం తింటారు పిన్నిగారూ?”

“నువ్వేంటి, ఆయన భోజనం సంగతి అడుగుతున్నావు!”

“అడగనివ్వండి.”

“పెట్టింది తింటారమ్మా. వంకలు పెట్టరు. కుళాయి కారితే బాగుచేస్తారు. బండి లేటైతే ముందే చెప్తారు.”

“ముందే అంటే?”

“స్టేషనులో చెప్పకముందే బాబూ. ఆ కుర్చీలో కూర్చునే. ఎలా తెలుస్తుందో ఆయనకే ఎరుక.”

“రోజూనా?”

“రోజూ.”

“ఏమండీ, మళ్లీ చెప్పులు విప్పుతున్నారేం?”

“కాళ్లకి ఉక్కపోస్తోంది.”

“పడక ఎక్కడ పిన్నిగారూ?”

“హాల్లో దివాను ఆయనది. లోపలి గది నాది. మొదట్నించీ అంతే.”

“వయసు మళ్లాక అందరిళ్లలోనూ అంతేలెండి. పిల్లలో?”

“ఆయనకో కూతురు. ఎప్పుడైనా వస్తుంది. గాలీ వెలుతురూ బావున్నాయని చెప్పి పోతుంది.”

“ఆయనకా? మరి మీకు?”

“నాకెవరూ లేరు.”

“అడక్కూడనిది అడిగానేమో...”

“అడిగితే ఏం? ముఖ్యమైంది ఇంకోటుంది, విను. కంట్లో చుక్కలు వెయ్యాలి, రెండు పూటలా. తనంతట తాను వేసుకుంటే సగం చెంప మీదే. నీ చెయ్యి వణకదు కదా?”

“వణకదు.”

“వద్దంటారు. వినకు. గడ్డం పట్టుకుని, తల వెనక్కి వంచి వెయ్యాలి. వేశాక కాసేపు మాట్లాడుతూ ఉండాలి, లేకపోతే కళ్లు నులిమేసుకుంటారు. ఏదో ఒకటి మాట్లాడు. నేనైతే వార్డులో జరిగిన కథలు చెప్తుంటాను. అవే మళ్లీ మళ్లీ. అయినా ప్రతిసారీ ‘తర్వాతేమైంది?’ అనడుగుతారు...”

“అటు తిరిగిపోయారేం పిన్నిగారూ?”

“ఏం లేదు. సామాను సర్దుతున్నాను కదా, దుమ్ము.”

“మంచినీళ్లు తాగండమ్మా. ఇదిగో. ...సరే, తీసుకుంటాం.”

“నిజంగానా అండీ?”

“నిన్ను ఇంకో ఇంటి మెట్లెక్కించడం నావల్ల కాదు. ఒక మనిషేగా. పుట్టబోయేవాడికి తాతయ్య ముందే వచ్చేశాడనుకుందాం.”

“చల్లగా ఉండండి బాబూ. పెద్ద బరువు దించారు.”

“కానీ పిన్నిగారూ, ఒక్కమాట. ఇన్నేళ్ల కాపురం. ఇలా పరాయివాళ్ల చేతుల్లో పెట్టి వెళ్లడానికి మీ మనసెలా ఒప్పుతోంది?”

“కాపురమా? ఎవరితో?”

“ఆయనతోనే...”

“చోద్యం కాకపోతే, ఆయనతో నాకు కాపురమేంటమ్మా! ఎవరు చెప్పారు నీకు?”

“మరి ఆయన మీకేమవుతారు?”

“ఏమీ కారు. ఈ ఇల్లు నాకమ్మింది ఆయనే. పంతొమ్మిదేళ్ల కిందట తాళాలు నా చేతికిచ్చి, టీ తాగి బయల్దేరతానని అక్కడ కూర్చున్నారు.”