నీళ్ళ విమానానికి ఆయుధపూజ

విజయదశమి పొద్దు. హలసూరులో ఓబళప్ప మేస్త్రి ఇంటి పెరడు. బావిగట్టు మీద ఆయన భార్య భాగీరథమ్మ, చేతుల్లో ఉతుకుతున్న నిన్నటి పట్టుచీర, బొక్కెన నిండా కుంకుడుకాయల నురగ. పెరటి గుమ్మంలో పక్క వీధి నుంచి వచ్చిన చెల్లెలు రత్నమ్మ.

"...అందుకే చెప్తాండా రత్నా, మీ బావని చూసి మొగుడంటే ఇట్లుండల్ల అని ఎవురన్నా అంటే, వాళ్ళకి ఒక చెంబుడు బెళ్లందూరు చెరువు నీళ్ళు తాగించు. మళ్ళీ అనరు."

"బావ ఏం చేసినాడక్కా, పాపం?"

"పాపమా! పెండ్లై ఇరవై రెండేండ్లు. ఒక సినిమాకి తీసకపోయినోడు కాదు, ఒక జాత్రకి తీసకపోయినోడు కాదు. నిన్న తీసకపోయినాడు, ఏకంగా ముంచేదానికి."

"నాకు జరం రాకుంటే నేనూ వచ్చుందును."

"ఆ జరానికి దండం పెట్టుకో. ఇట్ల రా. ఈ కొంగు వాసన చూడు."

"అబ్బ! థూ! తీయక్కా, ముక్కు దగ్గర్నించి తీయి!"

"మూడుసార్లు ఉతికినా. కుంకుడుకాయలైనాయి, శీకాయైంది, నిమ్మకాయలైనాయి. ఏమైంది? పాచి వాసన ఒక పక్క, పెట్రోలు ఒక పక్క, చేప ఒక పక్క. ఒకదాంట్లో ఒకటి కలిసేదానికి కూడా వాటికి అసయ్యం."

"నాకు సరిగ్గా తెలీకనే అడగతాండా. నీళ్ళ విమానం అంటే ఏందక్కా?"

"కింద పడవ, పైన రెక్కలు. ఆకాశంలో పోతాది, చెరువులో దిగతాది. యుద్ధంలో దెబ్బ తిన్నవాట్ని ఈడికి తెస్తారు, మీ బావాళ్ళు బాగు చేస్తారు. సముద్రం లేని ఊరికి రేవు తెచ్చి పెట్టినారు రత్నా. గట్టు మీద నుంచి నీళ్ళ లోపలికి సిమెంటు బాట. మోకులు, తేలే పీపాలు, జెండాలు, అన్నీ ఉండాయి. ఉప్పు ఒకటే తక్కువ."

"ఆ రేవులో ఆయుధపూజ!"

"ఆయుధపూజ ఫ్యాక్టరీవాళ్ళది. ఆ పక్కనే చెరువూరోళ్ళు గంగమ్మకి పూజ. రెండూ ఒకే దినం, ఒకే గట్టు. ఈ పక్క మేము పెసరపప్పు కోసంబరి ప్రసాదం పంచతాంటే ఆ పక్క వాళ్ళు కోడిని కోస్తాండారు. రక్తం జారి మా అరిటాకుల దాకా వచ్చింది. ఆకులన్నీ ఎత్తి ఇవతల పెట్టుకున్నా. మీ బావ ఏమన్నాడో తెలుసా? 'ఊరంతా ఒకటై చేస్తాండారు, చూడు ఎంత బాగుండాదో' అన్నాడు."

"ఫ్యాక్టరీ దొర కూడా వచ్చినాడంటనే?"

"వచ్చినాడు. నొసట కుంకుమ పెట్టించుకున్నాడు. చెమటకి అది కారి, కత్తిపోటు తిన్న మనిషి మాదిరి తిరిగినాడు పొద్దంతా. దొరసాని హారతి పళ్ళెంలో సిగిరెట్టు బూడిద తట్టింది."

"అయ్యో రామా!"

"పళ్ళెం నాది. మన అమ్మ ఇచ్చింది. అప్పుడే అనుకున్నా, ఈ దినం బాగుపడదని. సరేలే అని కూచున్నానా? కూచోలేదు. ఆడ ఎంత గలీజో నీకేం తెలుసు. దేవి పీట పక్కనే నూనె గుడ్డలు. విమానం కడుపు కింద జిడ్డు, మసి. ఆయుధపూజంటే ఆయుధాలు తళతళలాడల్ల గదా? మొగోళ్ళు సుత్తికి, స్పానరుకి ఒక బొట్టు పెట్టి చేతులు దులుపుకున్నారు. నేనే దీపాలకని తీసకపోయిన చింతపండు పెట్టి అంతా తోమినా."

"అంతా అంటే?"

"కనిపించిందంతా. దీపాలు, గంట, చెంబు, ఆడా ఈడా పడున్నవి. ముసురుతాండే ఈగల్ని తోలుకుంటా. ఎవరన్నా మెచ్చుకున్నారా? దొరసాని ఒకతే నవ్వింది. అది మెప్పో ఎక్కిరింపో ఆ యమ్మకే తెలియల్ల."

"తర్వాత?"

"తర్వాత దొరకి మంచి బుద్ధి పుట్టింది. ఆడోళ్ళని విమానం ఎక్కించి చెరువులో ఒక చుట్టు తిప్పుదామన్నాడు. ఎగరదంట, ఊరికే తేలతాదంట. మేము పదకొండు మందిమి. నేను ఎక్కనంటే ఎక్కనన్నా. మీ బావ, 'మేస్త్రి పెండ్లామే ఎక్కకుంటే మిగిలినోళ్ళు ఏమనుకుంటారు' అన్నాడు. ఎక్కినా. దాని లోపల వాసన... వద్దు, చెప్తే నీకు మళ్ళీ జరం వస్తాది."

"చెప్పు, చెప్పు."

"పది మంది సోల్జర్లు పది దినాలు కాళ్ళు కడుక్కోకుండా పండుకున్న వాసన. సరే. బాట మీద నుంచి మెల్లగా జారింది. డప్పులు కొట్టినారు. గట్టు మీదోళ్ళంతా అరిచినారు, పూలు చల్లినారు. బాగానే ఉండాదే అనుకున్నా."

"ఆ?"

"పాదాలు చల్లగైనాయి."

"అయ్యో!"

"నీళ్ళు. నల్లటి నీళ్ళు, పైన ఏడు రంగుల నూనె తెట్టు. చీలమండ దాకా, పిక్క దాకా, మోకాలి దాకా. నా పక్కన కూచున్న పిల్లప్ప పెండ్లాము 'గంగమ్మా!' అని నా మెడ పట్టుకుంది. అప్పుడొచ్చింది రత్నా, చేప. జానెడు చేప. మీసాలున్న చేప. నవరాత్రి తొమ్మిది దినాలు ఉల్లిగడ్డ కూడా ముట్టనిదాన్ని, నా ఒళ్ళో చేప!"

"నవ్వొస్తాండాది, తప్పుగా అనుకోవద్దక్కా."

"నవ్వు, నవ్వు. తోక బురదలో కూలబడింది. మీ బావ గట్టు అంచు నీళ్ళల్లో నిలబడి 'భయపడొద్దండి, భయపడొద్దండి' అంటాడు, మోకాలి పైకి తడవకుండా. నన్ను బయటికి తెచ్చింది ఎవురు? ఆ మునిరాజు. చెరువూరోడు, చేపలు పట్టే ఇంటోడు. ఈత వస్తాదని ఫ్యాక్టరీలోకి తీసుకున్నారు. నన్ను బియ్యం మూట మాదిరి భుజాన వేసుకున్నాడు. వాడి భుజం కంపు ఇంకా నా చెంప మీద ఉండాది."

"ప్రాణం కాపాడినోడిని అట్ల అనొచ్చా?"

"కాపాడింది సరే, ముంచింది ఎవురంట? వాడే అంటాండారు గదా?"

"అవునంట. మా ఆయన చెప్పినాడు. పొద్దున్నే వచ్చింది అందుకే గదా. మునిరాజు కొలువు పోతాదంట."

"పోనీ. పీడ పోతాది. పదకొండు మంది ఆడోళ్ళని ఆ మోరి నీళ్ళల్లో ముంచినోడికి కొలువెందుకు? ఏం చేసినాడంట?"

"విమానం ఒడ్డుకెక్కించినప్పుడు కడుపులో చేరిన నీళ్ళు కారిపోయేదానికి అడుగున మూడు బొక్కలుంటాయంట. వాటికి బిరడాలు. ఒడ్డుకి రాగానే తీసేది, నీళ్ళల్లోకి దించే ముందర మళ్ళీ బిగించేది మునిరాజు పని. నిన్న బిగించకనే దించినాడంట."

"అంత మరుపా? పూజ దినం తాగుంటాడు. వాళ్ళకి అదే గదా పండగ. బిరడాలు కూడా పెట్టనోడు..."

"తాగలేదంట. గంగమ్మ పూజకి వాళ్ళమ్మ పిలిస్తే పోయినాడంట. వచ్చేసరికి విమానం పక్కన చెక్క పలక మీద పెట్టిన బిరడాలు లేవు. మేస్త్రే బిగించేసినాడేమో అనుకున్నాడంట. బావేమో మునిరాజు బిగించినాడనుకున్నాడు. ఒకరినొకరు అడగలేదు. ఇప్పుడు ఆ మూడు ఇత్తడి బిరడాలు ఏమైనాయో ఎవరికీ తెలీదు."

"ఇత్తడివా?"

"అవునంట."

"...ఎంతుంటాయంట?"

"నాకేం తెలుసు? చెంబు మూతంత ఉంటాయేమో. ఏంటికక్కా?"

"ఊరికే."

"ఏమక్కా, చీర వదిలేసినావు? బొక్కెనలో పడింది చూడు."

"పడనీ."

"సరే, నేను పోవల్ల. దేవుడింట్లో నుంచి రెండు ప్రసాదం పూలు తీసుకుంటా. నిన్న నువ్వు తెచ్చిన పళ్ళెం ఆడనే ఉండాది గదా?"

"ముట్టద్దు!"

"ఏంటికట్ల అరస్తావు?"

"మరుపూజ కాలేదు. నిన్న దేవి ముందర పెట్టిన వస్తువు ఈ పొద్దు మళ్ళీ పూజ చేసేదాకా తీయగూడదు. మన ఇంట్లో పద్ధతి నీకు తెలీదా?"

"వస్తువులు ముట్టను. పూలే. ...అబ్బ, ఏం మెరుస్తాండాయి పళ్ళెంలో! కొత్తగా కొన్నావా? కుంకుమ భరిణెలా?"

"రత్నా, ఇవతలికి రా. ...ఆ, భరిణెలే. వాకిలి చప్పుడైంది, మీ బావేమో చూడు."

"బావే. అయ్యో బావా, ఏమిది, ఆ బురదేంది? కండ్లు చూడు ఎట్లైనాయో!"

"నిన్న మధ్యాన్నం నుంచి మోకులు లాగతాండాము రత్నమ్మా. లారీతో కాలేదు. కడాకి చెరువూరోళ్ళు ఎనిమిది జతల ఎద్దుల్ని కట్టి లాగినారు. ఏమే, గుక్కెడు కాఫీ ఉంటే ఇయ్యి. మళ్ళీ పోవల్ల."

"మళ్ళీ ఏంటికి? పండగ గదా ఈ పొద్దు?"

"పన్నెండు గంటలకి విచారణ. పోలీసులు కూడా వచ్చుండారు. యుద్ధకాలం గదా. మామూలు దినాల్లో ఐతే ఫైను వేసి వదులుతారు. ఇప్పుడు కావాలనే ముంచినాడు, బిరడాలు దాచినాడు అంటాండారు. జైలంట. నేను సంతకం పెట్టల్ల, బిరడాల పని మునిరాజుదే అని."

"పెడతారా మీరు?"

"పెట్టక ఏం చేయను? పని వాడిదే గదా. అబద్ధం కాదు. అట్లని... ఏమో నాకు మనసు ఒప్పటం లేదు. నువ్వు దేవి పీట దగ్గరే కూచునింటివి. విమానం కింద ఎవరన్నా తిరిగింది చూసినావా?"

"నాకేం కనిపిస్తాది? నేను తోముతాంటి."

"అక్కకి అన్నీ కనిపిస్తాయి బావా. ఈగ కూడా."

"నువ్వు నోరు మూసుకో రత్నా."

"ఎవడన్నా ఇత్తడని ఎత్తకపోయి అమ్ముకున్నాడేమో అని నా అనుమానం. వాడు దొరికితే, నా చేతులతోనే..."

"కాఫీ తాగండి. చల్లారతాది."

"అదేంది, చక్కెర వేయకనే ఇచ్చినావు? జరమొచ్చిందా నీకు కూడా?"

"ఆ నీళ్ళల్లో మునిగితే రాదా? ...వాడేమంటాడు?"

"ఎవురు?"

"వాడే. మునిరాజు."

"ఏమంటాడు! 'పలక మీద పెట్టినాను మేస్త్రీ, గాలికి పోయే వస్తువు కాదు, నీళ్ళల్లో జారిపోయుంటాయి' అంటాడు. తెల్లారినప్పటి నుంచి వెతకతాండాడు."

"యాడ?"

"యాడేంది? చెరువులో. తోక కూలబడిన చోట. మునగతాడు, రెండు గుప్పిళ్ళ బురద తెస్తాడు, గట్టు మీద పరిచి చూస్తాడు, మళ్ళీ మునగతాడు. ఎద్దులు తొక్కిన పేడ, పెట్రోలు, నిన్నటి కోళ్ళ పేగులు, అంతా అందులోనే. కండ్లు వాచిపోయినాయి. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. వాళ్ళమ్మ గట్టు మీద కూచోని గంగమ్మకి ఇంకో కోడి మొక్కుకుంటాండాది. చాలు రారా అంటే, 'దొరికితే జైలు తప్పుతాది గదా మేస్త్రీ' అంటాడు."

"ఇప్పుడు కూడానా?"

"నేను వచ్చేటప్పుడు కూడా మునగతానే ఉండాడు. ఏమే, యాడికి? మాట్లాడతాంటే లేచి పోతావేంది?"

"దేవుడింట్లోకి."

"అక్కా, మరుపూజ కాలేదంటివే!"

"దేవి ఏమనుకోదులే. అనుకుంటే నన్ను అనుకుంటాది. ఇదో, చెయ్యి చాచండి. ఒకటి. రెండు. మూడు."

"ఇవి... ఏమే, ఇవి..."

"అవే."

"ఇట్ల మెరుస్తాండాయేమే! ఇన్నేండ్లలో ఇవి ఈ రంగులో నేను చూడనే లేదు!"

"చింతపండు పెట్టి తోమితే మెరవవా? నల్లగా, జిడ్డుగా పలక మీద పడున్నాయి. చూడబుద్ధి కాలేదు. దీపాలతో పాటు తోమి, బొట్టు పెట్టి, దేవి ముందర పళ్ళెంలో పెట్టినా. గలాటాలో ఎవరో పళ్ళెం మూట కట్టి నా చేతిలో పెట్టినారు, తెచ్చినా. ఇవి దేనివో ఇంతకు ముందర రత్న చెప్పేదాకా తెలీదు నాకు. చెప్పినాక తెలిసింది. తెలిసీ మీకు కాఫీ ఇచ్చినా."

"...సరే. సరే, ఏమీ కాలేదు. గుడ్డలో చుట్టి ఇయ్యి. గట్టు పక్కన దొరికినాయని చెప్తాలే."

"బురదలో దొరికినవి ఇట్ల మెరుస్తాయా బావా?"

"రత్న చెప్పింది నిజం. నేనే వస్తా. టాంగా పిలవండి."

"ఆ ఉతికిన నీళ్ళకి తడిసిన కట్టుచీరన్నా మార్చుకో. కంపు కొడతాండాది."

"తెల్లారినప్పటి నుంచి మునగతాండేవాడి దగ్గరికి సెంటు పూసుకోని పోయేదా? ఈ చీరే. ముందర వాణ్ణి నీళ్ళల్లో నుంచి బయటికి రమ్మనల్ల. తర్వాతే దొర, పోలీసు, ఎవరైనా."

"దొరకి తెలుగు రాదు గదే. ఏమని చెప్తావు?"

"నేను చెప్తా, మీరు ఇంగిలీషులో చెప్పండి. మా ఆడది, మా ఇంటిది, అని నసగద్దు. భాగీరథమ్మ అని పేరు పెట్టి చెప్పండి. ఇరవై రెండేండ్లలో నా పేరు మీ నోట్లో నుంచి రాలేదు, నా తప్పు నా నోట్లో నుంచి రాలేదు. ఈ పొద్దు రెండూ కానీండి. మునిరాజుది కాదు. తప్పు నేను చేసినా."